బెణుకు కాక

మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా చామోర్షి బస్టాండు ముందు ఎవరన్నా బండి మీంచి జారిపడితే, పడ్డవాడు లేచి దుమ్ము దులుపుకునేలోగా ఆయన అక్కడుంటాడు. ఎక్కణ్ణుంచి వస్తాడో ఎవరూ చూడలేదు. టీ హోటల్లోంచే అయ్యుండాలి, ఎడంచేతిలో సాసరు ఉంటుంది గనక. సాసరులో ఉన్న ఛా తొందర లేకుండా జుర్రుకుని, ఖాళీ సాసరు పక్కవాడి చేతిలో పెట్టి, కింద కూచుని, పడ్డవాడి కాలు ఒళ్లోకి తీసుకుంటాడు. రెండుచోట్ల నొక్కుతాడు. పడ్డవాడు రెండుసార్లు అరుస్తాడు. ఆయన తల పంకిస్తాడు.

"బెణికింది. ఇంకేం గాలె."

ఈయన్ని ఊళ్లో బెణుకు కాక అంటారు. ఇలాంటి కాక ఒక్క చామోర్షి సొత్తు అనుకోకండి. ఆష్టిలో ఒకరున్నారు, అహేరిలో ఉన్నారు, సిరొంచలో వీధికొకరు తగులుతారు. గోదావరి దాటి కాళేశ్వరం పోయినా తప్పించుకోలేం. కాకపోతే చామోర్షి కాకకు పని ఎక్కువ. తాలూకాలో మరాఠీవాళ్లు, దక్షిణం నుంచి వచ్చిన మనవాళ్లు, బెంగాలీ ఊళ్ల రైతులు, గోండులు అందరూ ఉన్నారు. మనవాడికి "బెణికింది" అని, మరాఠీవాడికి "మురగళ్లా" అని, బెంగాలీవాడికి "మొచ్కే గేఛే" అని చెబుతాడు. గోండీ అంతగా రాదు కాబట్టి ఆ ఒక్కచోట చెయ్యి ఊపి తేల్చేస్తాడు. మనిషి ఎవరైనా జబ్బు మాత్రం మారదు.

కాక చేసే పరీక్షలు మూడు. మొదటిది, నడువమంటాడు. నడిస్తే విరగలేదు. రెండోది, వేళ్లు ఆడించమంటాడు. ఆడితే విరగలేదు. మూడోది వాపు. వాపు రాకపోతే "ఇరిగితే వాపు రాదా?" అంటాడు. వస్తే, "వాపొచ్చిందంటే బెణుకే" అంటాడు. ఈ మూడో పరీక్షలో తప్పినవాడు ఇప్పటిదాకా లేడు.

మొదటి రెండూ కూడా దాని అన్నదమ్ములే. వేళ్లను ఆడించేవి కండరాలు, నరాలు. ముంజేతి ఎముక రెండు ముక్కలైనా వాటి పని అవి చేస్తూనే ఉంటాయి. ముసలమ్మ స్నానాల గదిలో జారితే తొడ ఎముక మెడ విరిగి ఒక ముక్క రెండోదాంట్లోకి దిగబడిపోవచ్చు. అప్పుడు ఆమె కుంటుకుంటూ నాలుగడుగులు వేయగలదు కూడా. కాక చప్పట్లు కొడతాడు. ఐదో అడుగుకు ఆ ముక్క జారితే ఇక మంచమే. అలాంటి తుంటి విరుపుకు ఒకటి రెండు రోజుల్లో ఆపరేషన్ అయితేనే మేలని డాక్టర్లు తొందరపెడతారు. మంచంలో గడిచే ప్రతిరోజూ ఊపిరితిత్తులకు నెమ్ము, వీపుకు పుండ్లు, కాళ్లలో రక్తం గడ్డలు తెచ్చిపెడుతుంది. ఇక బొటనవేలి మొదట్లో స్కేఫాయిడ్ అనే చిన్న ఎముక ఉంది. అది చిట్లితే మొదటిరోజు ఎక్స్‌రేలోనే కనిపించకపోవచ్చు; చేతికి కట్టువేసి పంపి, 10-14 రోజుల తర్వాత మళ్లీ తీస్తారు. ఎక్స్‌రేకు దొరకనిది మన కాక బొటనవేలికి దొరుకుతుంది.

ఆయన ధైర్యానికి ఆధారం ఆయన కుడి మణికట్టు. పడుచుతనంలో ఎడ్లబండి మీంచి పడి విరగ్గొట్టుకుని, తానే లాక్కుని కట్టుకున్నాడు. "ఇగో, అతుకలేదా?" అని అందరికీ చూపిస్తాడు. అతికింది, కాదనను. అతుక్కోవడానికి ఎముక ఎవరి సలహా అడగదు. పెద్దవాళ్లకు ఆరు వారాలో, పన్నెండు వారాలో, అది ఎలా పడి ఉందో అలాగే అతికిపోతుంది. వంకరగా ఉంటే వంకరగానే. కాక మనకు నమస్కారం పెడితే పక్కింటివాళ్లు తిరిగి పెడతారు. సాసరు ఎడంచేతిలోకి వెళ్లింది కూడా అప్పుడే.

మరి జనం ఎందుకు నమ్ముతారు? కాక మాట చాలాసార్లు నిజమవుతుంది గనక. పడ్డవాళ్లలో ఎక్కువమందికి తోలు గీసుకుపోవడం, కండ కమిలిపోవడం తప్ప ఏమీ కాదు. వీళ్లంతా రెండు రోజుల్లో వాళ్లంతట వాళ్లే లేచి తిరుగుతారు, ఆ పుణ్యం కాక ఖాతాలో జమ అవుతుంది. లేవనివాళ్లు ఎవరి ఖాతాలోకీ రారు. "పత్యం జెయ్యలే, వంకాయ తిన్నడు" అంటాడు కాక. ఆ వంకాయ మీద నాకు జాలి.

ఆయన పెట్టెలో ఇప్పనూనె, నల్లేరు పసరు, కోడిగుడ్డు, వెదురు బద్దలు ఉంటాయి. రుద్దడమంటే ఆయనకు ప్రాణం, ముఖ్యంగా మోచెయ్యి. మోచేతికి దెబ్బ తగిలాక గట్టిగా మర్దన చేస్తే ఒక్కోసారి కండలోనే కొత్త ఎముక మొలిచి, చెయ్యి అసలు ముడవకుండా పోతుంది. ఎముక పుట్టించడంలో కాకకున్న ప్రతిభ అదొక్కటే. ఎవరన్నా గొణిగితే పుత్తూరు కట్టు పేరెత్తుతాడు. తాను కాళేశ్వరం దాటి దక్షిణానికి పోయింది లేదు. పుత్తూరు కుదరకపోతే "సుశ్రుతుడే జెప్పిండు" అంటాడు.

సుశ్రుతుడు చెప్పింది వింటే కాకే లేచిపోతాడు. సుశ్రుత సంహితలో ఎముక విరుపులు పన్నెండు రకాలు, కీలు తప్పడం ఆరు రకాలు. ముందు లాగి సరైన చోట కూర్చోబెట్టమన్నాడు, తర్వాతే బద్దలు. కట్టు వదులైతే కీలు నిలవదు, బిగిస్తే వాపు, నొప్పి, చీము అని హెచ్చరించాడు. చలికాలంలో ఏడు రోజులకు, మధ్యరకం కాలంలో ఐదు రోజులకు, ఎండాకాలంలో మూడు రోజులకు కట్టు విప్పి మార్చమన్నాడు. చామోర్షి మే నెల ఎండలో కూడా మన కాక కట్టు విప్పేది పుష్యమాసం కట్టు విప్పినట్టే.

ఆ బిగువే నాకు భయం. చెట్టెక్కిన పిల్లవాడు చెయ్యి ఆనించి పడతాడు, మోచేతి పైన ఎముక విరుగుతుంది. పిల్లల్లో ఇది మామూలు. లోపల వాపు పెరుగుతూ ఉంటుంది, పైన వెదురు బద్దలు పెరగనివ్వవు. మధ్యలో నలిగేది రక్తనాళం. పిల్లవాడు రాత్రంతా ఏడుస్తాడు. "కట్టు పట్టుకుంటుంది, పొద్దుగాల సూద్దాం" అంటాడు కాక. రక్తం అందకపోతే కండరం దాదాపు 6 గంటల్లో కోలుకోలేనంతగా చచ్చిపోతుంది. తెల్లారేసరికి పిల్లవాడు ఏడుపు ఆపేస్తాడు. తగ్గిందని అందరూ సంతోషిస్తారు. మొద్దుబారింది నొప్పి ఒక్కటే కాదు, చెయ్యి కూడా. తర్వాత వేళ్లు కొక్కెంలా ముడుచుకుపోయి జన్మలో తెరుచుకోవు. జర్మన్ సర్జన్ ఫోక్‌మన్ 1881లో ఈ సంగతి రాశాడు, బిగించిన కట్ల వల్లేనని. తుంటి కీలు తప్పినా అంతే. 6 గంటల్లోపు సరిచేస్తే ఎముక తలకు రక్తం మిగులుతుంది. ఎముక తోలు చీల్చుకుని బయటికి వస్తే మందు ఇంకా ముందే పడాలి. పసుపు, బూడిద అద్దితే లోపలికి పోయేది చీమే.

కాకల వంశం మీద నాకు కోపమేమీ లేదు. వేల్స్‌లో ఆంగ్లసీ దీవిలో తరతరాలుగా ఎముకలు కట్టిన కుటుంబం ఒకటుండేది. ఆ ఇంట్లో పుట్టిన హ్యూ ఓవెన్ థామస్ వైద్యం చదువుకుని, విరిగిన కాలు కదలకుండా పట్టే ఇనుప బద్ద ఒకటి తయారుచేశాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆయన భార్య వైపు మేనల్లుడు రాబర్ట్ జోన్స్ దాన్ని సైన్యానికి అలవాటు చేశాడు. అంతకుముందు తొడ ఎముక విరిగిన సిపాయిల్లో ఎక్కువమంది పోయేవారు, ఆ తర్వాత ఎక్కువమంది బతికారు. పడ్డవాణ్ణి వెనక్కి మోసుకుపోకముందే బద్ద కట్టి, వెంటనే ఆసుపత్రికి పంపేవారు. చేతిపని మన కాకదే. "పొద్దుగాల" అన్న మాట మాత్రం అందులో లేదు.

వైనగంగ ఒడ్డున మార్కండలో శివరాత్రి జాతర జరిగితే కాక చేతికి ఖాళీ ఉండదు. మెట్ల మీద జారినవాళ్లకు ధైర్యం చెబుతాడు: "యముడే ఎన్కకు పోయిన జాగ, కాలు ఏం లెక్క?" ధైర్యంతోపాటు పోహా పెట్టించి, ఛా తాగిస్తాడు. మత్తు ఇవ్వాలంటే కడుపు ఖాళీగా ఉండాలి గనక, ఆసుపత్రిలో డాక్టరు ఆ పోహా అరిగేదాకా కూచుంటాడు.

దూరం కాక చేతిలో పెద్ద ఆయుధం. సిరొంచ నుంచి జిల్లా ఆసుపత్రి ఉన్న గడ్చిరోలికి దాదాపు 200 కిలోమీటర్లు, దారిలో సూర్జాగఢ్ ఇనుపరాయి లారీలు. "అంత దూరం బోయి ఎక్సరే దియ్యాల్నా?" అంటే ఎవరికైనా సబబుగానే వినిపిస్తుంది. నిజానికి ఊరు దూరమైనకొద్దీ ముందు బయల్దేరాలి. చామోర్షివాడికి ఆ సాకు కూడా లేదు, గడ్చిరోలి ముప్పై పైచిలుకు కిలోమీటర్లే.

కాబట్టి మీరు పడితే కాక వస్తాడు, తప్పదు. రానివ్వండి, పనిలో పెట్టండి. ఆయన గొంతు పెద్దది, బండ్లను ఆపగలడు. వెదురు బద్దలు ఆయన దగ్గరే ఉన్నాయి: లాగకుండా, రుద్దకుండా, కాలు ఎలా ఉంటే అలా పైకీలు, కిందకీలు కలిపి కదలకుండా, మరీ బిగించకుండా కట్టమనండి. వేళ్ల ఉంగరాలు, గాజులు వాపు రాకముందే తీయించండి. ఛా మాత్రం ఆయన్నే తాగమనండి. దారిలో వేళ్లు తెల్లబడినా, చల్లబడినా, తిమ్మిరెక్కినా కట్టు కోసెయ్యండి, ఆయన ఏమనుకున్నా సరే. అన్నిటికంటే ముందు ఆయన చేతే 108కి ఫోన్ చేయించండి. మహారాష్ట్రలో 2014 నుంచి ఆ బండి నడుస్తోంది. దానికి పైసా ఇవ్వక్కర్లేదు.