మిడుతూరు మిద్దెలో పాటల పెట్టె

నేను జపాన్‌లో తయారైన టూ ఇన్ వన్‌ని. రేడియో, క్యాసెట్టు రెండూ నాలోనే ఉన్నాయి. కువైట్‌లో పనిచేసే, ఈ ఇంటి పిల్లోడి మేనమామ 1987లో సెలవు మీద వస్తూ చెల్లెలి కోసం నన్ను కొన్నాడు. విమానం, రైలు, బస్సు ఎక్కి నేను చేరిన ఊరు మిడుతూరు. అప్పుడది కర్నూలు జిల్లా, 2022 ఏప్రిల్ 4 నుంచి నంద్యాల జిల్లా. మట్టి మిద్దె, బేతంచెర్ల నాపరాళ్ళు పరిచిన నేల, గోడలో లోతైన గూడు. ఆ గూట్లో నన్ను పెట్టి, అమ్మ తన చేత్తో కుట్టిన పూలగుడ్డ కప్పింది. నాపరాళ్ళకు తగిలి పాట గట్టిగా పలికేది. వసారాలో కూర్చున్నవాళ్ళకూ వినిపించేది.

ఇంటి పిల్లోడు పిలిచినట్టే ఇంటి పెద్దను నేను నాయన అంటాను, ఇల్లాలిని అమ్మ అంటాను. నాయనను కన్న అవ్వ అప్పుడు బతికే ఉంది. ఆనాటి పిల్లోడికి ఇప్పుడు పెళ్ళయి ఒక పాప. బెంగళూరు నుంచి ప్రతి ఎండాకాలం సెలవులకు వస్తుంది. నాలుగు తరాల ఇష్టాలను దగ్గరుండి విన్నాను కాబట్టి, నా కథ చెప్పడమంటే వాళ్ళ పాటల కథ చెప్పడమే.

నా వంశం లెక్క 1963 నుంచి మొదలవుతుంది. నాలో తిరిగే క్యాసెట్టును ఫిలిప్స్ కంపెనీ లోకానికి చూపించింది ఆ ఏడే. మా సీమకు సొంత గొంతు ఇచ్చిన ఆకాశవాణి కడప కేంద్రం మొదలైందీ ఆ ఏడే. ‘లవకుశ’ విడుదలైందీ ఆ ఏడే. తెలుగులో పూర్తి నిడివి రంగుల చిత్రాల్లో అదే మొదటిది. ఘంటసాల సంగీతం చేశారు, లవకుశులకు పి.లీల, పి.సుశీల పాడారు. చిన్నప్పుడు నాయన ఆ సినిమాను ఇంటిల్లిపాదితో బండి కట్టుకుని పోయి చూశాడట. అవి పిల్లల పాటలా, పెద్దల పాటలా? తెర మీద పాడింది పిల్లలు, కింద కూర్చుని కళ్ళు తుడుచుకున్నది పెద్దలు. శ్రీరామనవమి పందిట్లో ఆ పాటలు వేస్తే ముసలివాళ్ళూ పసివాళ్ళూ ఒకే చాప మీద కూర్చుని వినేవాళ్ళు. పిల్లల పాట వేరు, పెద్దల పాట వేరు అని ఎవరైనా గీత గీస్తే నాకు మొదట గుర్తొచ్చేది ఆ పందిరే.

నాకు ముందు ఈ గూట్లో ఒక రేడియో ఉండేది. దానికొక లైసెన్సు పుస్తకం. ఏటా పోస్టాఫీసులో రుసుము కట్టి ముద్ర వేయించుకోవాలి. నేను వచ్చేనాటికి ఆ లైసెన్సులు ఎత్తేశారు. ఆ రేడియో ముందు కూర్చునే నాయన పెరిగాడు. బాలానందం వస్తే ఆట మానేసి పరుగెత్తుకొచ్చేవాడట. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు మద్రాసు కేంద్రంలో మొదలుపెట్టి, ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక హైదరాబాదులో కొనసాగించిన కార్యక్రమమది. రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అంటే ఆ కాలం పిల్లలకు సొంత తోబుట్టువులే. పెద్దవాళ్ళ వార్తలూ ధరవరలూ చెప్పే పెట్టెలోంచి తన ఈడు పిల్లల గొంతు రావడం నాయనకు ఎంత గొప్పగా అనిపించిందో ఇప్పటికీ చెబుతాడు. అమ్మకు మాత్రం రేడియో అంటే సిలోనే. మీనాక్షి పొన్నుదురై ప్రకటించే తెలుగు పాటల కోసం పనులు ముందే ముగించుకునేదట. షార్ట్‌వేవ్ కదా, సరిగ్గా మంచి చరణం దగ్గరే గొంతు దూరమైపోయేది. పోయిన ఆ ముక్కను అమ్మ తను పాడి పూరించుకునేది.

నేను వచ్చాక మళ్ళీ మళ్ళీ వినే వీలు కలిగింది. నాయన పాటల చీటీ రాసుకుని బస్సెక్కి నంద్యాల పోయి, రికార్డింగు షాపులో క్యాసెట్టు నింపించుకుని వచ్చేవాడు. అరవై నిమిషాల క్యాసెట్టు, ఒక్కో వైపు అరగంట. ఒక వైపు నాయన అడిగిన ఘంటసాల, రెండో వైపు అమ్మ అడిగిన సుశీల. ఒకరి పాట అయిపోగానే తిప్పి పెట్టాలన్నది ఇంట్లో రాయని కట్టుబాటు. టేపు వదులైతే పిల్లోడు పెన్సిలు దూర్చి చుట్టేవాడు. నెలకొకసారి దూదిని స్పిరిటులో ముంచి నా హెడ్డు తుడిచేవాడు. నా హెడ్డు మీద టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్ల వేగంతో నడుస్తుంది. ఘంటసాల పద్యానికైనా, పసిపిల్ల ముద్దుమాటకైనా అదే వేగం.

నాలో ఎక్కిన వాటిలో నాకు అన్నిటికన్నా విలువైనది షాపులో నింపింది కాదు. ఒక సాయంత్రం అవ్వ పొయ్యి దగ్గర జొన్నరొట్టెలు తడుతూ, ఎదురుగా కాళ్ళు చాపుకుని కూర్చున్న పిల్లోడికి కాళ్ళాగజ్జా ఆట పాట చెబుతోంది. నాయన చప్పుడు కాకుండా నన్ను గూట్లోంచి దించి, ఖాళీ క్యాసెట్టు పెట్టి, ప్లే మీటా రికార్డు మీటా రెండు వేళ్ళతో ఒకేసారి నొక్కాడు. ఎర్ర దీపం వెలిగింది. అవ్వకు ఆ సంగతి తెలియదు. పిండి మీద అరచెయ్యి పడే చప్పుడే తాళం. రొట్టె తిప్పడానికి ఆగినప్పుడు పాటా ఆగింది. పిల్లోడు ‘ఇంకోసారి’ అన్నాడు. అవ్వ మొదటికెళ్ళింది. మళ్ళీ ‘ఇంకోసారి’. రొట్టెలన్నీ అయ్యేదాకా అదే పాట. రాగం తెలిసినవాళ్ళు చూస్తే అందులో నాలుగైదు స్వరాలకు మించి ఉండవు. కానీ పిల్లోడికి కావలసింది స్వరాల సంఖ్య కాదు, అవ్వ మళ్ళీ మొదలుపెట్టడం.

పాట మీద ఇష్టం ఎక్కడినుంచి అంటుకుంటుందో నాకు తెలిసింది ఇంకో తావులో. ఘంటసాల 1974 ఫిబ్రవరిలో కన్నుమూశారు. ఆయన పాడిన భగవద్గీత తెలుగు ఇళ్ళలో చావు జరిగినప్పుడు తప్పకుండా వినిపించేదైంది. ఊళ్ళో ఎవరైనా పోతే నన్ను అడిగి తీసుకుపోయేవాళ్ళు. పాడె పక్కన బల్ల మీద పొద్దంతా పాడేవాణ్ణి. ఇంటికొచ్చాక నాయన భక్తితో అదే క్యాసెట్టు పెడితే పిల్లోడు భయపడి బయటికి పోయేవాడు. గొంతు అదే, శ్లోకాలు అవే. నాయనకు మనశ్శాంతి, పిల్లోడికి చావు కబురు. పాట ఏ వేళ, ఎవరి పక్కన చెవిన పడిందో ఆ వేళను, ఆ మనిషిని తనలో దాచుకుంటుంది. ఆ తర్వాత మనం వినేది పాటనొక్కదాన్నే కాదు.

పిల్లోడు ఎదిగాడు. ఇళయరాజా వచ్చాడు, బాలు గొంతు ఇల్లంతా నిండింది. 1994లో ‘ప్రేమికుడు’ పాటలు వచ్చాక క్యాసెట్టు బయటికి తీసే పనే లేకపోయింది. నాయన పొలం నుంచి వచ్చి గుమ్మంలోనే కేకేసేవాడు.

“ఏందిరా ఆ అరుపులు? పాటంటే ఘంటసాలదిరా. ఆపు ముందు.”

“నీకు తెల్దులే నాయనా. ఆ ఏ.ఆర్.రహమాన్ వాయిద్యం విను ఒకసారి.”

అట్ల వాదులాడుకున్న ఆ పిల్లోడే, పరీక్షలకు రాత్రిళ్ళు చదువుకునేటప్పుడు నాయన క్యాసెట్టు సన్నగా పెట్టుకునేవాడు. ఘంటసాల వైపు అయిపోతే లేచి సుశీల వైపు తిప్పేవాడు. ఎవరూ పెట్టుకోమనలేదు. అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీకి చెందిన కరోల్ క్రుమ్‌హాన్సల్, ఆమెతో కలిసి జస్టిన్ జుప్నిక్ 2013లో అచ్చువేసిన పరిశోధన ఒకటుంది. ఇరవై ఏళ్ళ యువకులకు వేర్వేరు దశాబ్దాల హిట్ పాటలు వినిపించి చూశారు. తమ కాలం పాటలతో పాటు, తల్లిదండ్రులు యవ్వనంలో ఉన్ననాటి పాటల మీదా వాళ్ళకు గట్టి ఇష్టం కనబడింది. తాము పుట్టకముందు వచ్చిన ఆ పాటలతో వాళ్ళ సొంత జ్ఞాపకాలు ముడిపడి ఉన్నాయి. ఇంట్లో పెద్దవాళ్ళు వింటుంటే చెవిన పడి నాటుకున్నవవి. ఆ పరిశోధకులు చూపింది మిడుతూరు మిద్దెలో నేను కళ్ళారా చూసిందే.

తర్వాత చాలా ఏళ్ళు నేను మాట్లాడలేదు. లోపల రబ్బరు బెల్టు సాగిపోయింది. మోటారు తిరిగినా పాట మందగించి, గొంతు బొంగురుపోయేది. సీడీలు వచ్చాయి, ఫోన్లు వచ్చాయి. పూలగుడ్డ కింద అట్లే ఉన్నాను.

కరోనా కాలంలో బెంగళూరు ఆఫీసు ఇంటికే రావడంతో పిల్లోడు భార్యాబిడ్డలతో మిడుతూరు చేరాడు. పాప చేతిలో ఫోను. అందులో బెంగళూరు ఇన్ఫోబెల్స్ వాళ్ళ తెలుగు పాటలు, చెన్నై చుచు టీవీ బొమ్మలు, కొరియా నుంచి వచ్చిన బేబీ షార్క్. 2020 నవంబరులో యూట్యూబులో ప్రపంచమంతటా అన్నిటికన్నా ఎక్కువసార్లు చూసిన వీడియో ఆ చేపపిల్ల పాటే అయింది. 2022 జనవరికి వెయ్యి కోట్ల వీక్షణలు దాటింది. మా ఇంటి వాటా తక్కువేం కాదు. ఆ పాటలో తల్లి, తండ్రి, అవ్వ, తాత వరసగా వస్తారు. ఒక్కొక్కరికి ఒక్కో చేతి సైగ. తర్వాత ఎవరొస్తారో పాపకు ముందే తెలుసు. తెలిసినదే వచ్చినందుకు ప్రతిసారీ కొత్తగా సంతోషం. పొట్టి పాదం, నాలుగు దెబ్బల నడక, చివర్లో కలిసే ప్రాస, చేతికి పని. నేను గూట్లోంచి వింటూ అవ్వను తలుచుకున్నాను. కాళ్ళాగజ్జా ఆటలో ఉన్నవీ ఇవే కదా.

ఒకరోజు పిల్లోడు విసుక్కున్నాడు. “పాపా, ఇంక చాలు, తల తిరుగుతాంది.” నాయన వసారాలోంచి అన్నాడు: “నువ్వు ప్రేమికుడు క్యాసెట్టు అరగదీసిననాడు నా తలా ఇట్లే తిరిగిందిలేరా. పాడనీ బిడ్డను.” కె.సి. కాలువ కింద వరిమడికి నీళ్ళు కడుతూ నాయన ఆ చేపపిల్ల పాటే కూనిరాగం తీస్తున్నాడని అమ్మ అందరికీ చెప్పింది. పిల్లలు పెద్దల పాటలు నేర్చుకోవడం నాకు తెలుసు. పెద్దలకు పిల్లల పాట పట్టుకోవడం మాత్రం ఆ ఏడాదే చూశాను.

లాక్‌డౌన్ సడలాక పిల్లోడు నన్ను నంద్యాల తీసుకుపోయి కొత్త బెల్టు వేయించాడు. అవ్వ క్యాసెట్టు పెట్టారు. పిండి మీద అరచేతి చప్పుడు వినగానే నాయన లేచి నిలబడ్డాడు. పాపకు మాత్రం అదొక కొత్త పాట. రెండోసారికి కాళ్ళు చాపింది, మూడోసారికి పదాలు అందుకుంది. చివర ‘ఇంకోసారి’ అంది. ముప్పై ఏళ్ళ కింద ఆ టేపులో అదే మాట అన్న తండ్రి పక్కనే కూర్చుని ఉన్నాడు.

నాలో రికార్డు హెడ్డు కన్నా ముందు చెరిపే హెడ్డు ఉంటుంది. కొత్త పాట ఎక్కాలంటే అది పాతదాన్ని తుడిచేయాల్సిందే. నా నిర్మాణమే అంత. మనుషులకు ఆ కట్టుబాటు లేదు. నాయనలో బాలానందం, ఘంటసాల, చేపపిల్ల పాట మూడూ ఒకదాన్నొకటి చెరపకుండా ఉన్నాయి. అందుకే పాత పాట గొప్పదా, కొత్తది గొప్పదా అన్న తగవు చూస్తే నాకు బాధగా ఉంటుంది. ఆ తగవులో గెలిచినవాళ్ళు కూడా ఒక పాటను పోగొట్టుకుంటారు.

పిల్లలున్న ఇళ్ళవాళ్ళను నేను కోరేదొక్కటే. పాపకు ఫోనిచ్చి పక్క గదిలోకి పోకండి. ఆ పాటేదో మీరూ పక్కన కూర్చుని వినండి, చేతులు తిప్పండి. తర్వాత మీ పాట పెట్టి ఆమెను విననివ్వండి. ఇంట్లో అవ్వో తాతో ఉంటే, వాళ్ళ గొంతులో ఒక్క పాటైనా ఈ రోజే రికార్డు చేసుకోండి.