రైటాఫ్ వేరట, వేవర్ వేరట!

రైటాఫ్ అంటే వేవర్ (మాఫీ) కాదు మహాప్రభో అని బ్యాంకులు మొత్తుకుంటున్నాయి. నిజమే. 2014-15 నుంచి పదేళ్లలో బ్యాంకులు రైటాఫ్ చేసిన, అంటే పద్దుల్లోంచి తీసేసిన మొండి బాకీలు 16.35 లక్షల కోట్ల రూపాయలని 2025 మార్చిలో లోక్‌సభకు కేంద్రమే చెప్పింది. అందులో సగానికి పైగా పెద్ద పరిశ్రమలు, సేవారంగానివే. అప్పు మాత్రం బతికే ఉందట, వసూలూ సాగుతోందట! బ్యాలెన్స్ షీటు శుభ్రం చేసుకోవడం అకౌంటింగ్ పద్ధతే కదా అంటారా? ఒప్పుకుందాం. మరి రైతు వేవర్ సొమ్ము, ఆలస్యంగానైనా, ఖజానా నుంచి బ్యాంకుకే చేరుతుంది. అయినా రుణ క్రమశిక్షణ చెడిపోతుందన్న బెంగంతా దాని మీదే! పెద్ద బాకీలకు నిఘంటువు తీసి, రైతు బాకీకి నీతిశాస్త్రం విప్పడం మన బ్యాంకులకే చెల్లింది.