సర్దుకున్న బావ

మా బావ కోటి పోసి విలాసాల ఎస్‌యూవీ కొన్నాడు. బ్రోషర్‌లో లీటరుకు 12 కిలోమీటర్లన్నారు. ఆఫీసు వేళలో కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలికి పోయొస్తే మీటరు 5.4 చూపించింది. ‘‘కొత్త బండి కదా, రెండు సర్వీసులైతే సర్దుకుంటుంది’’ అన్నాడు. అయ్యాయి. సర్దుకున్నది బావే.

కంపెనీవాళ్లు అబద్ధమాడలేదు పాపం. బ్రోషర్‌లో వేసే మైలేజీని రోడ్డు మీద కొలవరు. ప్రయోగశాలలో, రోలర్ల మీద కొలుస్తారు. దాదాపు 20 నిమిషాలు, 11 కిలోమీటర్ల లోపు దూరం, గరిష్ఠ వేగం 90. ఇన్నేళ్లుగా ఏసీ ఆపేసే లెక్క. ఆ రోలర్ల మీద జేఎన్‌టీయూ సిగ్నల్ ఉండదు, రాంగ్ రూట్లో ఎదురొచ్చే ఆటో ఉండదు, మే నెల ఎండ ఉండదు. వెనక సీట్లోంచి ‘‘ఏసీ ఇంకాస్త పెంచరా’’ అనే మా అత్తయ్య అసలే ఉండదు. రెండున్నర టన్నుల ఇనుమును ప్రతి సిగ్నల్ దగ్గరా ఆపి, మళ్లీ ఉరికించాలంటే అది పెట్రోలు తాగక పానకం తాగుతుందా?

అసలు తమాషా బంకులో చూడాలి. కోటి రూపాయల కారు అద్దం నాలుగంగుళాలు దిగింది. ‘‘ఐదొందలకు కొట్టు’’ అన్నాడు బావ, పక్కన స్ప్లెండర్ కుర్రాడికి వినపడకుండా. లీటరు నూరు దాటాక ఎవరి గొంతైనా తగ్గుతుంది మరి. ఆ కుర్రాడు దర్జాగా రెండొందలకు కొట్టించుకుని పోయాడు.

అతని రెండొందలకు వంద కిలోమీటర్లు. బావ ఐదొందలకు పాతిక.