మేడ సూత్రానికి టీకాతాత్పర్యం

మూలం: మృగశిరకు ముందే మేడ చూడవలెను.

అవతారిక: ఎండాకాలంలో ఇల్లు కారదు గనుక యజమానికి కప్పు మీద ధ్యాస ఉండదనీ, కారేనాటికి ధ్యాస కుదిరినా మేస్త్రీ దొరకడనీ ఎరిగిన ఇల్లాలు, ఆ రెంటి నడుమ మిగిలే కొద్దిపాటి వ్యవధిని ఉద్దేశించి ఈ సూత్రాన్ని ప్రవచించింది.

ప్రతిపదార్థం: మృగశిరకు = సూర్యుడు మృగశిరా నక్షత్రంలో ప్రవేశించే కార్తెకు, అనగా సుమారు జూన్ 7, 8 తేదీలకు; ముందే = రోహిణి ఎండలు కాస్తుండగానే; మేడ = ఇంటి నెత్తినున్న డాబాను; చూడవలెను = చూచి, ఊడ్చి, పగుళ్లు పూడ్చి, నీరు నిలిపి పరీక్షింపవలెను.

తాత్పర్యం: తొలకరి పడకముందే డాబా మరమ్మతు ముగించాలని భావం.

విశేషాలు: ‘ముందే’లోని ఏకారం అవధారణార్థకం. నీరు దిగకుండా వేసే రసాయనపు పూత తడి గచ్చును పట్టుకోక పొక్కి లేస్తుంది. సిమెంటుతో పూడ్చిన చోటు మాత్రం, అందుకు విరుద్ధంగా, వారం రోజులైనా తడి ఆరకూడదు. రోహిణిలో అది గంటలో ఆరుతుంది కనుక తడిపిన గోనె సంచులు కప్పడం మేస్త్రీల సంప్రదాయం.

‘చూడవలెను’ అన్నందున, మెట్లెక్కి, పిట్టగోడ మీద చేయి ఆన్చి, నాలుగు దిక్కులూ చూచి దిగివస్తే విధి నెరవేరినట్లేనని యజమాని పూర్వపక్షం. అది నిలువదు. గంగలో పల్లె అన్నప్పుడు గంగ ఒడ్డున పల్లె అని గ్రహించినట్లే ఇక్కడా లక్షణావృత్తి చేత చీపురు పట్టడం, వంగడం, తూములో చేయి పెట్టడం అనే అర్థాలు గ్రాహ్యాలు. తూము అనగా పిట్టగోడ అడుగున నీరు పోయే రంధ్రం. అందులో వేపాకులు, పావురం ఈకలు, సంక్రాంతి గాలిపటపు దారం ముద్దకట్టి ఉంటాయి. గచ్చుకు 100 అడుగులకు 1 అడుగు చొప్పున వాటం, అనగా నీరు జారే ఏటవాలు, ఎంత బాగా ఇచ్చినా ఈ ముద్ద ముందు అది నిష్ప్రయోజనమే.

పొగను బట్టి నిప్పును ఊహించే న్యాయం కూడా ఇక్కడ జాగ్రత్తగా వాడవలసినదే. పిట్టగోడ, స్లాబు కలిసే మూలన దిగిన నీరు కరెంటు వైర్ల గొట్టం వెంట ప్రయాణించి పడకగదిలో ఫ్యాను కొక్కెం వద్ద చుక్కగా దర్శనమిస్తుంది. సరిగ్గా దాని పైభాగాన సిమెంటు రాయించేవాడు తార్కికుడు కాడు. తూములు బిగించి, అంగుళం ఎత్తు నీటిని ఒకటి రెండు రోజులు నిలిపి చూడడమే ప్రమాణం. లోనికి చేరిన తేమకు ఇనుప చువ్వలు తుప్పు పట్టి ఉబ్బి, కాంక్రీటును పెచ్చులుగా నెట్టివేస్తాయి.

పిట్టల రెట్టతో వచ్చి పగులులో మొలిచే రావిమొక్కను అశ్వత్థమని పీకడానికి సంకోచించేవారు, రెండాకుల నాడే దానిని తీసి నేలలో నాటితే పుణ్యానికీ గోడకూ లోటు ఉండదు.

‘మేడ పూయవలెను’ అన్న పాఠాంతరం కాంట్రాక్టర్ల ప్రతిలోనే కనబడుతున్నందున ప్రక్షిప్తంగా భావింపదగును.

మూలంలో కర్త లేడు. సొంత ఇంట అతడెవరో అందరికీ తెలుసు. అపార్ట్‌మెంటులో మాత్రం పై అంతస్తువారు సంఘాన్నీ, సంఘంవారు పై అంతస్తునూ అధ్యాహారం చేసుకుంటారు. కింది అంతస్తులవారు ఈ సూత్రం తమ శాఖలోనిది కాదంటారు.