టికెట్ మనది, మ్యాచ్ వీఐపీది

ఢిల్లీలో పెద్ద మ్యాచ్ చూడబోయేవాడు ముందు తన జేబులో ఏమేం మారణాయుధాలున్నాయో చూసుకోవాలి. నీళ్ల సీసా ఆయుధం. పవర్ బ్యాంకు ఆయుధం. లైటర్ సంగతి సరే, రూపాయి బిళ్ల కూడా ఆయుధమే. రిజర్వు బ్యాంకు ఇన్నాళ్లుగా దేశమంతటా పంచిపెడుతున్నది మందుగుండు అని స్టేడియం గేటు దాకా వెళ్తే గాని మనకు తెలియదు. అభిమానులు ఏ ఊళ్లో ఫిర్యాదు చేసినా ఒకటే మాట: పోలీసులు కసిరారు, నెట్టారు, లాఠీ ఆడించారు. నన్నడిగితే ఇది చాలా చిన్న ఫిర్యాదు. మర్యాద క్లాసులతో తీరే జబ్బయితే ఎప్పుడో తీరేది. గేటు దగ్గరి కానిస్టేబుల్‌కు పైవాళ్లు అప్పగించిన పనే వేరు. ప్రేక్షకుణ్ని కాపాడమని అతనికి చెప్పినవాళ్లు లేరు, ప్రేక్షకుడి బారి నుంచి మిగతావాళ్లను కాపాడమన్నారు. ఆ మిగతావాళ్లెవరో వీఐపీ బాక్సు వైపు చూస్తే తెలుస్తుంది.

2017 అక్టోబరు 6న జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో అండర్-17 ప్రపంచ కప్ మొదలైంది. ఏ స్థాయిలోనైనా ఫిఫా ప్రపంచ కప్‌లో భారత ఫుట్‌బాల్ జట్టు తన మొదటి మ్యాచ్ ఆడింది ఆ రోజే. ప్రధాని వచ్చారు. గ్యాలరీలు నింపడానికి బడి పిల్లలను బస్సుల్లో తెచ్చారు. అమెరికా చేతిలో మనం 0-3తో ఓడిపోయాం, అది పెద్ద విషయం కాదు. మంచినీళ్లు దొరక్క ప్రేక్షకులు అల్లాడిపోయారన్నది మర్నాటి వార్త. సీసా విసిరితే ప్రమాదమే, ఒప్పుకుంటాను. కానీ దాహం మాత్రం ప్రమాదాల జాబితాలో ఎక్కడా ఉన్నట్టు లేదు. వీఐపీకి దెబ్బ తగిలితే ఉద్యోగాలు పోతాయి. పిల్లవాడికి కళ్లు తిరిగితే గ్లూకోజు ఇస్తే సరిపోతుంది.

ఈ ఘనతంతా ఢిల్లీకే కట్టబెడితే కోల్‌కతా నొచ్చుకుంటుంది. 2024 ఆగస్టు 18న అక్కడ డ్యూరాండ్ కప్‌లో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ తలపడాలి. ఆర్జీ కర్ ఆసుపత్రి డాక్టర్ హత్యాచారం మీద నగరం ఉడికిపోతున్న రోజులవి. చాలినంత భద్రత కల్పించలేమని మ్యాచ్ రద్దు చేశారు. ఆ సాయంత్రం రెండు క్లబ్బుల అభిమానులూ, వాళ్లతో మరో క్లబ్బు మహమ్మదన్ వాళ్లూ, సాల్ట్ లేక్ స్టేడియం బయట చేరి న్యాయం కావాలని నినాదాలు చేశారు. మ్యాచ్‌కు చాలని బలగం మ్యాచ్ లేని మైదానం బయట పుష్కలంగా దొరికింది, లాఠీలతో సహా. వందేళ్లుగా కత్తులు నూరుకుంటున్న వాళ్లను ఒకరి భుజాల మీదికి ఒకరిని ఎక్కించిన కీర్తి మాత్రం ఆ ఏర్పాట్లదే. ఏ ఫుట్‌బాల్ సమాఖ్యకూ చేతకాని పని అది.

గుంపును నమ్మి వదిలేయమంటారా అని అడిగేవాళ్లుంటారు. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో ఇవే రెండు జట్ల మ్యాచ్‌లో 16 మంది చనిపోయారు. కాబట్టి ప్రశ్న న్యాయమైనదే. అయితే ఆ రోజు రెండు జట్ల అభిమానులనూ ఒకే స్టాండులో కలిపి కూర్చోబెట్టింది అభిమానులు కాదు. ఇంకా దగ్గరి సాక్ష్యం 2025 డిసెంబరు 13. పొద్దున సాల్ట్ లేక్‌లో మెస్సీని నాయకులు, అధికారులు, వాళ్ల బంధుమిత్రులు చుట్టుముట్టి, పెళ్లికూతురికి తెరసెల్లా పట్టినట్టు వేలు పోసి టికెట్లు కొన్నవాళ్లకు కనిపించకుండా చేశారు. సుమారు ఇరవై నిమిషాలకే ఆయన వెళ్లిపోయాడు, కుర్చీలు లేచాయి, ముఖ్యమంత్రి క్షమాపణ చెప్పారు. అదే సాయంత్రం మన ఉప్పల్‌లో అదే మెస్సీ గ్యాలరీల్లోకి బంతులు తన్నాడు, జనం కేరింతలు కొట్టి ఇంటికెళ్లారు. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి కూడా బూట్లు కట్టుకుని బంతి తన్నారు గనుక వీఐపీ లేని సభ అని చెప్పలేను. అయినా జనానికి చూడాల్సింది కనిపించింది. రెండు రోజులకు ఢిల్లీ కోట్లా మైదానంలో జనం అక్కడి ముఖ్యమంత్రిని చూసి, గాలి కాలుష్యం లెక్క గుర్తు చేస్తూ 'ఏక్యూఐ, ఏక్యూఐ' అని అరిచారు. కోపాన్ని అరుపులతోనే సరిపెట్టుకున్నారు. ఊపిరాడని ఊళ్లో అంత గట్టిగా అరవగలగడమే గొప్ప.

గుంపు ప్రమాదమన్న నమ్మకం ఎంత ఖరీదైందో బయటి దేశాలు లెక్క చెబుతాయి. ఇంగ్లండ్‌లో 1989 నాటి హిల్స్‌బరో తొక్కిసలాటలో 97 మంది పోయారు. పోలీసులు నేరం అభిమానుల మీదికి నెట్టారు. తప్పు వాళ్లది కాదని జ్యూరీ తేల్చేసరికి 2016 వచ్చింది. ఇండోనేషియాలోని కంజురుహాన్‌లో 2022లో పోలీసులు స్టేడియం లోపలే బాష్పవాయువు వదిలితే 135 మంది చచ్చిపోయారు. మైదానంలో అది వాడొద్దని ఫిఫా నిబంధన ఉంది, కానీ నిబంధనకు ముక్కు మూసుకోవాల్సిన పని లేదు కదా. ఇందుకు భిన్నంగా 2004 యూరో కప్‌లో పోర్చుగల్ పోలీసులు మామూలు యూనిఫారంలో అభిమానుల మధ్య తిరిగి, పలకరించి, అల్లర్ల దళాన్ని కనబడకుండా వెనక ఉంచారు. ఆ పద్ధతి పాటించిన చోట ఇంగ్లండ్ అభిమానులు కూడా బుద్ధిగా ఉన్నారు.

మన పోలీసులకు అంత తీరికెక్కడిది, పొద్దున్నుంచి తిండి లేకుండా నిలబడతారు అంటారా? నిజం. ఆ కానిస్టేబుల్ కూడా వీఐపీ బాధితుడే, కాకపోతే అతని చేతిలో లాఠీ ఉంది. ఆట అతనికి పరాయిది కూడా కాదు. కోచ్ రహీం సాబ్ తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది, డ్యూరాండ్ కప్పులూ ఎత్తుకొచ్చింది. పోలీసును చూసి గ్యాలరీ లేచి చప్పట్లు కొట్టిన రోజులు ఈ దేశంలో ఉన్నాయి. ఇప్పుడు గ్యాలరీ లేచేది పారిపోవడానికి.

ఢిల్లీ పోలీసు కేంద్ర హోంశాఖ చేతిలో ఉంది గనుక విన్నపం అక్కడికే. సీసా లాక్కునే చోటే ఒక మంచినీళ్ల కుళాయి పెట్టించండి. వీఐపీ గేటు దగ్గరి బలగంలో సగాన్ని మామూలు గేట్లకు పంపండి, లాఠీలు జీపులో వదిలి రమ్మని చెప్పండి. చిల్లర తీసుకుంటే రసీదు ఇవ్వండి. మ్యాచ్ అయ్యాక జనం బస్సెక్కాలి.