వినుట, వినపడుట: మేనల్లుని వాక్యమునకు టీకా తాత్పర్యము

2011వ సంవత్సరము అక్టోబరు 30వ తేదీ ఆదివారము రాత్రి బెంగుళూరు ప్యాలెస్ గ్రౌండ్సులో మెటాలికా అను అమెరికా దేశపు రాక్ బృందము కచేరీ చేయగా, ఆ కచేరీ విని, రాత్రికి రాత్రి బస్సెక్కి, మరునాడు ప్రొద్దెక్కిన పిమ్మట హైదరాబాదులోని మా గడప త్రొక్కిన మా మేనల్లుడు, కాళ్లు కడుగుకొనక, వాళ్లత్త తెచ్చి ముందు పెట్టిన కాఫీ ముట్టక, బొంగురుపోయిన గొంతుకతో పలికిన మొదటి వాక్యమునకు ఇది వ్యాఖ్యానము. కాళిదాసునకు మల్లినాథుడు దొరకినాడు. మావానికి నేను దొరకితిని. ఎవరి ప్రాప్తము వారిది. నాకు ఈ సంగీతమున ప్రవేశము లేదు. అయినను ముప్పది యేండ్లు బడిపిల్లలకు పద్యములకు ప్రతిపదార్థము చెప్పిన నోరు, వాక్యము కనబడిన చోట ఊరకుండజాలదు.

మూలము: “ఇన్నేళ్లు విన్నా గానీ మావయ్యా, జస్టిస్ ఆల్బం నిన్న రాత్రే వినపడింది.”

ప్రతిపదార్థము: మావయ్యా = తల్లికి తోబుట్టువవైన ఓయీ; ఇన్నేళ్లు = కళాశాలలో చేరిన కొత్తలో కొన్న క్యాసెట్టు మొదలుకొని, ఆ టేపు సాగి, సీడీ వచ్చి, ఆ సీడీ గీతలు పడి, తుదకు పాటలన్నియు ఫోనులో దూరు వరకు గడచిన కాలమంతయు; విన్నా గానీ = చెవి యొగ్గితినే గాని; జస్టిస్ ఆల్బం = 1988లో వెలువడినదియు, తొమ్మిది గీతములు గలదియు, 65 నిమిషములు నడచునదియు నైన ఆ బృందము వారి నాలుగవ ఆల్బము; నిన్న రాత్రే = గడచిన రాత్రియందు మాత్రమే (ఏవకారముచే అంతకు ముందు గడచిన రాత్రులన్నియు కొట్టివేయబడినవి); వినపడింది = శ్రవణగోచరమైనది.

ఇందు విరోధాభాసాలంకారము. విన్నవానికి వినపడకుండుట యెట్లు? వినపడనిదానిని ఇన్నేండ్లు వినుట యెట్లు? పరిహారము తెలుగు భాషయే చేయుచున్నది. వినుట వేరు, వినపడుట వేరు. వినుటకు కర్త మనము. శ్రద్ధ పట్టి, పని మాని, అక్కరయైనచో ఇంటివారి కసురులకు ఓర్చి చేయు పని అది. వినపడుటకు కర్త శబ్దము. అది తనంత తాను వచ్చి మీద పడును. ఇచ్చటి ‘పడు’ ధాతువునకు దాని సొంత అర్థమే చెప్పవలెనని నా అభిప్రాయము: నెత్తిన తాటిపండు పడినట్లు, ఇంటిమీద పిడుగు పడినట్లు. వైయాకరణులు ఒప్పుకొనకపోవచ్చును, వారు ప్యాలెస్ గ్రౌండ్సునకు పోలేదు. ఆ మాటకు వచ్చినచో నేనును పోలేదు గాని, పోయి వచ్చినవాని మొగము చూచితిని.

ఇక నామవిచారము. ఆల్బము పూర్తి పేరు ‘...అండ్ జస్టిస్ ఫర్ ఆల్’. మొదట మూడు చుక్కలు కలవు. అమెరికాలో బడిపిల్లలు జెండాకెదుట నిలిచి చెప్పు ప్రతిజ్ఞకు ఇవి కడపటి మాటలనియు, ముందున్న భాగమంతయు విడిచిపెట్టబడినదని ఆ చుక్కల భావమనియు లౌకికులు చెప్పుదురు. వ్యాఖ్యాత అంతటితో తృప్తిపడరాదు. ‘అండ్’ అనునది సముచ్చయార్థకము, సంస్కృతములోని చకారము వంటిది. ఆ చకారము వాక్యమునకు మొదట నిలువజాలదని మా తరగతిలో నాలుగవ బల్లవానికి సయితము తెలియును. ఇక్కడ చకారమే ముందు నిలిచినదనగా, అంతకు ముందుండవలసినది ఏదియో లోపించినది. లోపించినదేది? బేస్ గిటారు. ఇది నా చమత్కారమే గాని ఆ బృందము వారి ఉద్దేశము కాదని ఇప్పుడే ఒప్పుకొనుచున్నాను. కాని లోపము మాత్రము నా కల్పన కాదు.

దాని కథ యిది. బృందమున బేస్ వాయించుచుండిన క్లిఫ్ బర్టన్, 1986 సెప్టెంబరు 27న స్వీడను దేశమున వారి బస్సు బోల్తాపడగా, ఇరువదినాలుగేండ్ల ప్రాయముననే మరణించెను. ఆ స్థానమునకు జేసన్ న్యూస్టెడ్ వచ్చెను. ఈ బృందముతో అతడు వాయించిన తొలి పూర్తి ఆల్బము ఇదియే. మిగిలినవారెవ్వరును లేని వేళ, ఒక సహాయ ఇంజనీరు మాత్రము తోడుగా, తన వంతు వాయించి వెడలిపోయితినని అతడు పిమ్మట చెప్పుకొనెను. ఆల్బము వెలువడగా అందులో అతని వాద్యము ఉండియు లేదు. బేస్‌ను తగ్గింపుమని డ్రమ్మరు లార్స్ ఉల్రిక్ తన్ను కోరెనని మిక్సింగు చేసిన స్టీవ్ థాంప్సన్ చెప్పెను. రిథమ్ గిటారు ఏ వరుస వాయించునో బేస్ కూడ ఆ వరుసనే వాయించుటచే ఒకదానిలో ఒకటి మునిగినదని కొందరు, ఆ వేసవి కచేరీల హోరులో చెవులు మొద్దువారినవారు మిక్సింగునకు కూర్చుండిరని కొందరు, కొత్తగా వచ్చినవానిని ఏడిపించుట ఆ బృందమునకు అలవాటని మరికొందరు. మూడింటిలో దేని పాలెంతయో తూచి పంచుట నా పని కాదు. హేతువులు మూడైనను లోపము ఒక్కటే. సర్వులకు న్యాయమని అట్టమీద అచ్చువేసి, లోపల ఒకనికి లేకుండ చేసిరి.

కావుననే ఆ ఆల్బము నాదము అతిశుష్కముగా నుండును. గిటారులు ఎండు తాటాకులను రంపముతో కోసినట్లుండును. పెద్ద డ్రమ్ము చెక్కపై చిటికె వేసినట్లు టక్కు టక్కు మనును. క్రింద నేల యుండవలసిన చోట నేల యుండదు. మావాడు తన చదువుకాలమున మా ముందుగదిలో దీనిని పెట్టినప్పుడు, టేప్ రికార్డరు చెడినదేమో రిపేరు చేయింపుమని నేనే యనియుంటిని. ఆనాడు వాడు నన్ను చూచిన చూపు, మేఘసందేశమున యక్షుడు ఉత్తరము పోస్టులో వేయకేమి అని అడిగిన పిల్లవానిని నేను చూచిన చూపు వంటిది.

వ్యాఖ్యానశాస్త్రమున ఇట్టి సందర్భములందు అధ్యాహారము చేయుదురు. వాక్యమున లేకున్నను అన్వయమునకు ఆవశ్యకమైన పదమును వెలుపలినుండి తెచ్చి పూరించుట అధ్యాహారము. మెదకు సీమకు చెందిన కోలాచల మల్లినాథసూరి, మూలమున లేనిదానిని చేర్పనని అంతటి శపథము పట్టియు, అధ్యాహారము చేయక తప్పించుకొనలేకపోయెను. మరి ఈ ఆల్బమునకు అధ్యాహారము చేయునదెవరు? కచేరీ. 1989 ఆగస్టులో సియాటిల్ నగరమున జరిగిన కచేరీని బృందము వారే 1993లో వీడియోగా వెలువరించిరి (ఆ సంపుటి పేరు ఈ శైలిలో ఇముడునది కాదు, కావున వదలుచున్నాను). అందు గీతములు అవియే, వరుసలు అవియే. కాని న్యూస్టెడ్ వాద్యము ఉరుము వలె అడుగున దొర్లుచుండును. లోపించినపదము చేరగానే వాక్యము కూర్చుండినది.

శాస్త్రము మాట ఒకటి చెప్పి ముందుకు పోయెదను. బేస్ గిటారు మీది మిక్కిలి మంద్రమైన తీగ సెకనుకు సుమారు 41 మారులు కంపించును. మామూలు గిటారు అడుగుతీగ 82 మారులు. చిన్న టేప్ రికార్డరు స్పీకరు ఆ 41ని పలుకజాలదు, చెవి కూడ దానిని అంతగా పట్టజాలదు. మైదానమునందు మనిషి యెత్తున పేర్చిన స్పీకర్ల యెదుట నిలిచినప్పుడు దానిని పట్టునది రొమ్ము, పొట్ట, అరికాళ్లు. “చొక్కా గుండీలు కొట్టుకున్నాయి మావయ్యా” అని మావాడు చెప్పినది అతిశయోక్తి కాదు, స్వభావోక్తియే. వినపడుటకు చెవియే సాధనమని నిఘంటువున కలదా? వెదకితిని, చెవి అనియే కలదు. నిఘంటుకర్తలును ప్యాలెస్ గ్రౌండ్సునకు పోలేదు.

ఇందొక విశేషము. ఆ ఆల్బమున మిక్కిలి ప్రసిద్ధమైన ‘వన్’ అను గీతము, డాల్టన్ ట్రంబో 1939లో వెలువరించిన యుద్ధనవలను తలచుకొని అల్లినది. ఆయనయే 1971లో ఆ నవలను చలనచిత్రముగా తీసెను, ఆ దృశ్యములనే ఈ గీతపు వీడియోలో చేర్చిరి. అందలి సైనికుడు కాళ్లు, చేతులు, కన్నులు, నోరు, చెవులు కోల్పోయి ఆసుపత్రి మంచముపై పడియుండును. మనుష్యుల రాకపోకలు అతనికి మంచపు అదురుచేతనే తెలియును. తలను దిండుపై తాటించి, తంతి భాషలో మాటలాడ యత్నించును. చెవులు లేనివాడు అదురుచే లోకమును వినుట అను కథను, అదురంతయు తీసివేసి చెవులకు మాత్రమే మిగిల్చిన ఆల్బమున పెట్టుట చూడుడు! తుపాకుల మ్రోతలతో, అగ్నిజ్వాలలతో వేదికపై ఆ పాట మొదలై, చివరి భాగమున గిటారులు, డ్రమ్ములు ఏకమై తుపాకి గుండ్ల వలె కురియు వేళ, నేల అదరి, ఆ సైనికుడు దేనిచే వినెనో దానిచేతనే శ్రోతయు వినును. బెంగుళూరులో మావానికి జరిగినది ఇదియేనని నా నిశ్చయము.

ఆక్షేపము: ఆ రాత్రి తొమ్మిది గీతములను వాయింపలేదు, ‘వన్’ మొదలుగా ఒకటి రెండు మాత్రమే. అంతమాత్రముచే ఆల్బమంతయు వినపడినదనుట ఎట్లు పొసగును? సమాధానము: స్థాలీపులాక న్యాయమున. అన్నము ఉడికినదో లేదో తెలియుటకు కుండలోని మెతుకులన్నియు నొక్కనక్కరలేదు. మరియొక ఆక్షేపము: బెంగుళూరున బేస్ వాయించినవాడు న్యూస్టెడ్ కాదు, 2003లో చేరిన రాబర్ట్ ట్రుహీయో, ఒకని లోపమును వేరొకడు పూరించినచో అది మూలమగునా? నన్నయ విడిచిన అరణ్యపర్వ శేషమును ఎఱ్ఱన నన్నయ పేరనే పూరింపగా మనము చదువుకొనుట లేదా? ఆ లెక్కన బర్టన్, న్యూస్టెడ్, ట్రుహీయోలతో బేస్ గిటారునకును ఒక కవిత్రయము ఏర్పడినది.

ఈ రెండు సులభములు, మూడవది కఠినము. కచేరీయే ఆల్బమునకు వన్నె తెచ్చునదైనచో, 1989లో అదే ఆల్బపు యాత్రలో జనులేల ఆవులించిరి? శీర్షికాగీతము దాదాపు పది నిమిషములు. ముందు వరుసలవారి మొగములు వ్రేలబడుట, ఆవులింతలు పుట్టుట వేదికపైనుండి చూచితిమనియు, ఒక రాత్రి వేదిక దిగుచు ఇక దీనిని వాయింపరాదని తమలో ఒకరనిరనియు గిటారు వాయించు కిర్క్ హామెట్ తరువాత చెప్పెను. వేదికపై నిలిపిన న్యాయదేవత విగ్రహము పెళ్లపెళ్ల విరిగి కూలునట్లు అమర్చినను ఫలము లేకపోయెను. 1991 నాటి ఆల్బమునందు పాటలు పొట్టివైనవి. ఈ ఆల్బపు గీతములను ముక్కలు ముక్కలుగా కలిపి ఒక కదంబముగా కొన్నేండ్లు వాయించిరి, పదవ తరగతి గైడు వలె. శీర్షికాగీతము మరల నిండుగా వేదికనెక్కుటకు 2007 వరకు పట్టినది. ‘ది ఫ్రేయ్డ్ ఎండ్స్ ఆఫ్ శానిటీ’ అను గీతము 2014 మే నెలలో హెల్సింకి నగరమున గాని మొదటిసారి పూర్తిగా వినిపింపబడలేదు. ఏ పాటలు కావలెనో అభిమానులు ఓట్లు వేసి నిర్ణయించిన యాత్ర అది. ఆల్బము పుట్టిన 26 ఏండ్లకు దాని పాటను జనులే అడిగి పెట్టించుకొనిరి.

ఆవులించినవారును అభిమానులే, అడిగినవారును అభిమానులే. భేదమెక్కడ? 1989లో ఆల్బము వయస్సు ఒక్క యేడు. గుంపునకు వినపడినది పాట పొడవు మాత్రమే. మూలము కంఠస్థము కానివానికి వ్యాఖ్యానము నిద్రమందు. ఈ సంగతి నాకు ఏ మెటాలికాయు చెప్పనక్కరలేదు, మధ్యాహ్నపు మూడవ పీరియడు చాలును. అట్లుగాక, ఇరువదేండ్లు ఆ శుష్కనాదమును నమలి నమలి, ప్రతి మలుపును నోటికి తెచ్చుకొన్నవాడు వేదిక ముందు నిలిచినచో, తన లోపల ఖాళీగా నున్న చోట్లన్నియు వానికి ముందే తెలియును; బేస్ వచ్చి సరిగా ఆ చోట్లనే కూర్చుండును. ఖాళీ లేనిచో కూర్చుండుటకు తావేది? కావున ఆ లోపము చేసినవారికి అభిమానులు ఒక విధముగా ఋణపడియున్నారని నేననగా, మావాడు చాలసేపు మాటలాడలేదు.

పాఠాంతర విచారము. 2018లో ఆ ఆల్బమును నిగ్గుదేర్చి మరల విడుదల చేసినపుడు, ఈసారియైన బేస్ పెంచెదరని అనేకులు ఆశపడిరి. పెంచలేదు. చేసినది చేసినట్లే యుండవలెనను పక్షము నాకును సమ్మతము: తాళపత్రమున చెదపురుగు తిన్న చోట మన కవిత్వము పూయరాదు. ఓపికగల అభిమానులు కొందరు తామే బేస్ పెంచి ప్రతులు చేసికొన్నారు, అవి ప్రక్షిప్తములు. మావాడు వాటిలో ఒకటి నాకు వినిపింపగా, బాగుగనే యున్నదంటిని, కాని నేలలేని పాత ప్రతియే నాకు మనసున నిలిచినది. న్యాయస్థానముల అన్యాయము, యుద్ధము, ఉన్మాదము, తల్లిదండ్రులమీద కొడుకు అక్కసు, ఇవి వస్తువులుగా గల పాటలకు కాళ్లక్రింద మెత్తన ఏల?

ఇది యంతయు వ్రాసి చదివి వినిపింపగా, మావాడు సగము నవ్వి, “అదంతా కాదు, ఇది విను మావయ్యా” అని ఫోను బల్లమీద బెట్టి, ఆ పాత ప్రతినే మీటెను. పాట సాగుచుండగా వాడు కన్నులు మూసికొని రెండు చేతుల వ్రేళ్లతోను బల్ల చెక్కపై, లేని వరుసను, ఉన్నదున్నట్లు మోగించుచుండెను. “వినపడుతోందా?” అనెను. వినపడుచున్నదంటిని. ఫోనులోనుండియా, బల్లలోనుండియా అని వంటింటి గుమ్మములోనుండి వాళ్లత్త అడిగెను. నేను సమాధానము వెదకుచుంటిని. వాడు ఈసారియు ముట్టక విడిచిన కాఫీ మీద కట్టిన మీగడ మాత్రము సన్నగా వణకుచుండెను.