ఏడో భాగం మీమాంసకుడు

జూబ్లీహిల్స్ చెక్‌పోస్టుకూ ఫిల్మ్‌నగర్‌కూ నడుమనున్న వీధుల్లో, ఇళ్ల కింది అంతస్తుల్లో నడిచే సినిమా ఆఫీసుల్లోనూ, పగలూ రాత్రీ తేడా తెలియని ఎడిటింగ్ గదుల్లోనూ కనబడే మనుషుల్లో నిర్మాత గురించీ, హీరో గురించీ, ముహూర్తాలు పెట్టే సిద్ధాంతి గురించీ కావలసినంత వాఙ్మయం ఇదివరకే వెలువడింది గాని, సీక్వెల్ మీమాంసకుడు మాత్రం పరిశోధకుల కంట పడకుండా తప్పించుకుంటూ వచ్చాడు. వృత్తిరీత్యా ఈయన కో-డైరెక్టర్ కావచ్చు, తెరమీద పేరు పడని రచయిత కావచ్చు, గ్రాఫిక్స్ కంపెనీకీ దర్శకుడికీ మధ్య చీవాట్లు మోసే మనిషి కావచ్చు. వయసు నలభైకి అటూ ఇటూగా ఉంటుంది. సొంత సినిమా వచ్చే సంక్రాంతి తరవాత సెట్స్ మీదికి వెళుతుందని చెబుతూ ఈయన దాటిన సంక్రాంతులు కొన్ని ఉంటాయి. ఈయనను తక్కిన వారినుంచి వేరుచేసే లక్షణం ఒక్కటే. 2025 ఫిబ్రవరి 11న విడుదలైన ‘సివిలైజేషన్ సెవెన్’ అనే కంప్యూటర్ ఆట సర్వనాశనమైందని ఈయన దృఢాభిప్రాయం. ఆ సర్వనాశనాన్ని విడుదలైన నాటినుంచి ఒక్క రాత్రి కూడా మానకుండా ఆడుతున్నవాడు కూడా ఈయనే.

సివిలైజేషన్ అనేది 1991లో సిడ్ మైయర్ పేరుమీద అమెరికాలో మొదలై ఏడు భాగాలు నడిచిన ఆటల వరుస. ఆటగాడు అడవిలో నాలుగు గుడిసెలు వేసుకున్న ఒక గుంపుకు నాయకుడై, ఊళ్లు కట్టి, చదువులు నేర్పించి, పొరుగు రాజ్యాలతో అవసరాన్నిబట్టి సంధో సమరమో చేసి, వేల ఏళ్ల చరిత్రను తన చేతులమీదుగా నడిపిస్తాడు. దేశాలు వెతకడం, విస్తరించడం, వనరులు పిండుకోవడం, ఎదుటివాణ్ణి తుడిచిపెట్టడం అనే నాలుగు పనులూ కలిసిన ఈ కోవ ఆటలకు 1993లో ఆలన్ ఎమ్రిచ్ అనే రచయిత ‘ఫోర్ ఎక్స్’ అని పేరు పెట్టాడు. వీటిలో సివిలైజేషన్ టర్న్ బేస్డ్ ఆట, అంటే వంతులవారీగా సాగేది. ఆటగాడు తన ఎత్తులన్నీ వేసుకుని ‘నెక్స్ట్ టర్న్’ మీట నొక్కితే తప్ప అందులోని ప్రపంచం కదలదు, గోడ బయట కాచుకున్న శత్రుసైన్యం కూడా మర్యాదగా నిలబడే ఉంటుంది.

ఫిల్మ్‌నగర్‌లో ఈ రకం ఆటకు ఆదరణ దొరకడానికి కారణం ఆ మర్యాదే. సినిమా రంగంలో పని గంటలకన్నా ఎదురుచూపు గంటలు ఎక్కువన్నది లోకవిదితం: హీరో డేట్స్ కోసం, అడ్వాన్సు చెక్కు కోసం, స్టోరీ సిట్టింగుకు, అనగా నలుగురు కూర్చుని కథను చర్చించే సభకు, నిర్మాతగారు వేంచేయడం కోసం, రెండర్ పూర్తికావడం కోసం, అంటే కంప్యూటరు తాను కలిపిన దృశ్యాన్ని అంగుళం అంగుళంగా తయారుచేసి ఇవ్వడం కోసం. కాల్పుల ఆట ఆడేవాడు ఫోన్ ఎత్తితే ప్రాణం పోతుంది. సివిలైజేషన్ ఆడేవాడు ‘సీన్ మీదే ఉన్నాను సార్’ అని నలభై నిమిషాలు మాట్లాడి వచ్చినా ఆటలోని పాటలీపుత్రం చెక్కుచెదరకుండా ఉంటుంది. ఇంత ఓపికగా తన కోసం ఎదురుచూసే వస్తువు ఆ పరిశ్రమలో మీమాంసకుడికి మరొకటి తారసపడలేదు.

ఆటను విమర్శించడానికి ఈయన వాడే పరిభాష మొత్తం శుక్రవారం ఉదయం థియేటర్ బయట పుట్టిందే. డీలక్స్ వెర్షన్‌కు ఎక్కువ డబ్బు కట్టినవారికి ఆటను ఫిబ్రవరి 6వ తేదీనే, అయిదు రోజులు ముందుగా తెరిచిన ఏర్పాటును ఈయన ‘బెనిఫిట్ షో’ అంటాడు. తెల్లవారుజామున ఎక్కువ రేటుకు వేసే అభిమానుల ఆటకు తెలుగునాట ఉన్న పేరది. కొన్నవాళ్లలో కొందరు మెచ్చుకుని కొందరు తిట్టడంతో ఆటలమ్మే స్టీమ్ దుకాణం దానికి ‘మిక్స్‌డ్’ అని ముద్ర వేయగా, ఈయన దాన్ని వెంటనే ‘డివైడ్ టాక్’గా అనువదించాడు. సంగీతం విషయంలో మాత్రం ఈయన ఉదారుడు. నాలుగో భాగానికి క్రిస్టఫర్ టిన్ కట్టిన ‘బాబా యేతు’ 2011లో గ్రామీ గెలిచిన సంగతిని, 2023లో ‘నాటు నాటు’కు ఆస్కార్ వచ్చిన సంగతితో జోడించి, రెండింటిలోనూ తనకేదో చిన్న వాటా ఉన్న ధోరణిలో చెబుతాడు. వ్యాఖ్యాన స్వరం దగ్గర మళ్లీ పేచీ. ఆరో భాగంలో షాన్ బీన్ గొంతు వినిపించిన చోట ఏడో భాగంలో గ్వెండొలిన్ క్రిస్టీని పెట్టడం ఈయనకు నచ్చలేదు. ఇద్దరూ ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ నటులే కదా అని ఎవరైనా అంటే, ‘డబ్బింగ్ సంగతి మీకు తెలీదు’ అని తేల్చేస్తాడు.

ఈయన ప్రధాన అభియోగం యుగ విభజన మీద. పాత భాగాల్లో ఆట మొదటినుంచి చివరిదాకా ఒకే ధారగా సాగేది. ఏడో భాగంలో దాన్ని ప్రాచీన యుగం, అన్వేషణ యుగం, ఆధునిక యుగం అని మూడు ముక్కలు చేశారు. యుగం ముగింపుకు వచ్చేసరికి తిరుగుబాటో, మహమ్మారో, దండయాత్రో ఏదో ఒక సంక్షోభం వచ్చిపడుతుంది. విడుదల నాటి ఆటలో యుగం మారగానే జరుగుతున్న యుద్ధాలు ఆగిపోయేవి, సేనానుల వెంట ఇమిడిన సైన్యం మిగిలి తక్కినది చాలావరకు మాయమయ్యేది, ఆటగాడు కొత్త నాగరికతను ఎంచుకుని కొత్త లక్ష్యాలతో మళ్లీ బయలుదేరాల్సి వచ్చేది. ‘ఫస్టాఫ్‌లో నేను పెంచుకున్న గుర్రపు దళం సెకండాఫ్‌లో ఏమైంది? కంటిన్యుటీ చూసుకునేవాడు లేడా?’ అన్నది మీమాంసకుడి ఆక్రోశం. కంటిన్యుటీ అంటే ఒక షాట్‌లో హీరో చొక్కాకు ఉన్న గుండీ తరవాతి షాట్‌లో కూడా ఉండేలా చూడటం. ఆ పనిమీద పదేళ్లు గడిపినవాడి నోట ఈ ప్రశ్న సహజమే. అయితే పరిశోధకుడు ఇక్కడ ఒక విషయం గమనించక తప్పదు. సరిగ్గా ఇంటర్వెల్ ముందు విపత్తు తెచ్చిపెట్టి, విశ్రాంతి తరవాత ఊరూ, వేషమూ, వీలైతే విలనూ మార్చేసి కథను కొత్తగా ఎత్తుకోవడాన్ని ఫిల్మ్‌నగర్‌లో ‘ఇంటర్వెల్ బ్యాంగ్’ అంటారు. అది లేదన్న కారణంతో ఇతరుల కథలను ఈయనే వెనక్కి పంపించాడు.

రెండో అభియోగం ఇంతకన్నా బరువైనది. పూర్వం నాయకుడూ దేశమూ జంటగా వచ్చేవారు, గాంధీని ఎంచుకుంటే భారతదేశం దానంతటదే వచ్చేది. ఏడో భాగంలో ఆ ముడి విప్పేశారు: ఏ నాయకుడైనా ఏ దేశాన్నైనా ఏలవచ్చు, యుగం మారితే దేశం మారుతుంది, నాయకుడు మాత్రం మారడు. అందువల్ల బెంజమిన్ ఫ్రాంక్లిన్ మౌర్యులకు చక్రవర్తి కావచ్చు. భారతదేశం మొదట మౌర్యులుగా, తరవాత చోళులుగా, చివరకు మొఘలులుగా మూడు ముక్కలై వస్తుంది. ఏనాడూ సింహాసనం ఎక్కని కన్ఫ్యూషియస్‌నూ, మాకియవెల్లీనీ నాయకుల వరుసలో నిలబెట్టడాన్ని ఈయన ‘క్యారెక్టర్ ఆర్టిస్టుకు టైటిల్ రోల్’ అంటాడు. దేశమూ కాలమూ వేషమూ ఎన్నిసార్లు మారినా ముఖం మారని నాయకుడు నమ్మశక్యం కాడని వాదించే ఈ మనిషి, ఒక్క పారితోషికంతోనే పల్లెటూరి రైతుగానూ, దుబాయ్ డాన్‌గానూ, దేశాన్ని కాపాడే అధికారిగానూ ఒకే కథానాయకుణ్ణి నడిపించిన కథలెన్నో రాశాడు. వాటిలో హీరో క్రాపు కూడా మారలేదు.

చరిత్ర కూడా ఈ విషయంలో ఈయన పక్షాన లేదు. రాజమహేంద్రవరం నుంచి వేంగిని ఏలిన రాజరాజ నరేంద్రుడి కొడుకు, పుట్టుకచేత తూర్పు చాళుక్యుడు, 1070లో చోళ సింహాసనమెక్కి కులోత్తుంగుడిగా రాజ్యం చేశాడు. నాయకుడు అతడే, మారింది నాగరికత. అంత దూరం పోనక్కరలేదు. మద్రాసులో పుట్టిపెరిగిన తెలుగు సినిమా పరిశ్రమ హైదరాబాద్‌కు తరలివచ్చి, అక్కినేని నాగేశ్వరరావు 1976లో అన్నపూర్ణ స్టూడియోస్ తెరిచిన కాలానికి రాళ్లూ రప్పలుగా ఉన్న ఈ గుట్టలమీద కొత్త రాజధాని కట్టుకున్నప్పుడు కూడా అగ్రనాయకులు అలాగే దిగారు, వెంట తెచ్చుకోగలిగినంత బలగమే వచ్చింది, తక్కినది మద్రాసులోని కోడంబాకంలో ఉండిపోయింది. మీమాంసకుడు కూర్చుని వాదించే కుర్చీ ఉన్నది అలాంటి యుగ మార్పులో వెలిసిన వీధిలోనే గాని, ఈ ముక్క ఆయనకు చెప్పి ప్రయోజనం లేదు.

అశోకుడి దగ్గర మాత్రం ఈయన కోపానికి కొంత న్యాయం ఉంది. ఆటలో అశోకుడు ఇద్దరు: రాజ్యకాంక్షను వదులుకున్నవాడు ఒకడు, ప్రపంచ విజేత మరొకడు. పశ్చాత్తాపపడ్డ అశోకుడు మామూలు టికెట్టుకే దొరుకుతాడు, దండయాత్రల అశోకుడు కావాలంటే డీలక్స్‌కు డబ్బు కట్టాలి. ద్విపాత్రాభినయానికి అలవాటుపడిన పరిశ్రమలో ఇది వింత కాకపోయినా, మీమాంసకుడి సొంతూరు శ్రీకాకుళం వైపైనప్పుడు, అంటే ప్రాచీన కళింగంలో భాగమైన నేల అయినప్పుడు, తమవాళ్లను నరికిన అశోకుడికే ఎక్కువ రేటు పెట్టారన్న బాధ ఆయన మాటల్లో తొంగిచూస్తుంది. చోళులకు కలం అనే ప్రత్యేక ఓడనూ, బృహదీశ్వరాలయాన్నీ ఇచ్చి, శాతవాహనులనూ కాకతీయులనూ కృష్ణదేవరాయలనూ విడుదల నాటి జాబితాలో చేర్చకపోవడం తమిళ లాబీయింగ్ అని ఈయన ఆధారం లేని అనుమానం. 2015లో ‘రుద్రమదేవి’, 2017లో ‘గౌతమీపుత్ర శాతకర్ణి’ తీసి చూపించాక కూడా అమెరికావాళ్లకు తెలియలేదంటే అది ఓవర్సీస్ డిస్ట్రిబ్యూషన్ వైఫల్యమే తప్ప చరిత్రది కాదట.

ఈ విమర్శలన్నిటికీ కొలబద్దగా ఈయన పట్టుకునేది 2016 అక్టోబరులో వచ్చిన ఆరో భాగాన్ని. అదే ఆరో భాగం వచ్చినప్పుడు బొమ్మలు మరీ చిన్నపిల్లల కార్టూన్‌లా ఉన్నాయని అయిదో భాగాన్ని నెత్తిన పెట్టుకున్నాడు. 2010లో అయిదో భాగం వచ్చి, ఒక గడిలో ఒకే దళం నిలబడాలన్న నియమం పెట్టి, నాలుగో భాగంలోని మత వ్యవస్థను తీసేసినప్పుడు నాలుగో భాగం స్వర్ణయుగమన్నాడు. తీసేసిన మతాన్ని 2012లో అదనపు భాగంగా మళ్లీ అమ్మితే కొనుక్కున్నాడు కూడా. కొత్త భాగంలో మూడో వంతు పాతదే ఉండాలి, మూడో వంతు మెరుగైనది ఉండాలి, మూడో వంతు సరికొత్తది ఉండాలి అని ఆట తయారుచేసే ఫిరాక్సిస్ సంస్థ పాటించే సూత్రమొకటుంది. మీమాంసకుడి లెక్కలో మొదటి వంతు చద్ది, రెండో వంతు చెడగొట్టుడు, మూడో వంతు అక్కరలేని ప్రయోగం. పాత ఆటలో గాంధీ అణుబాంబులు వేసింది లెక్కల్లో దొర్లిన పొరపాటువల్లనే అన్న కథను కూడా ఈయన చెప్పని రోజు ఉండదు. అలాంటి పొరపాటు లేదని సాక్షాత్తూ సిడ్ మైయరే 2020లో తన ఆత్మకథలో రాశాడు. మంచి సీనును రచయిత కాదన్నంత మాత్రాన వదులుకునే సంప్రదాయం ఫిల్మ్‌నగర్‌లో లేదు.

ఈయనను ప్రత్యక్షంగా పరిశీలించడానికి అనువైన సమయం రాత్రి రెండు గంటలు. ఎడిటింగ్ గదిలో ఏసీ చలికి మెడచుట్టూ తువ్వాలు చుట్టుకుని, ఒక తెరమీద అరవై శాతం దగ్గర నిలిచిన రెండర్‌నూ, పక్క తెరమీద తన సామ్రాజ్యాన్నీ ఏకకాలంలో చూస్తూ కూర్చుంటాడు. బల్లమీద మూత తీయని బిర్యానీ డబ్బా చల్లారిపోయి ఉంటుంది, పక్కనే శిష్యుడొకడు కూర్చుని ఉంటాడు.

‘అన్నా, రెండర్ అయిపోయింది.’

‘ఆగరా, ఒక్క టర్న్. దీన్ని ఆటంటారట్రా? సిక్స్ చూడు, అదీ ఆటంటే.’

‘సిక్స్ వచ్చినప్పుడు కార్టూన్ అన్నావు గదన్నా.’

‘అప్పుడు ఫైవ్ ఉందిరా.’

ఇందులో ‘ఒక్క టర్న్’ అన్నది ఈ ఆటల చరిత్రలోనే పేరుమోసిన మాట. ఇంకొక్క వంతు ఆడి లేద్దామనుకుని తెల్లవారుజాము దాకా కూర్చోవడాన్ని అభిమానులు దానితోనే సూచిస్తారు. గెలుపు తరవాత కూడా ఆటను పొడిగించుకునే వీలుకు పాత భాగాల్లో అదే పేరు ఉండగా, ఏడో భాగం ఆ వీలు లేకుండానే విడుదలై, ఆనక ప్యాచ్‌లో, అంటే అమ్మిన వస్తువుకు పంపే మరమ్మతులో, దాన్ని చేర్చుకుంది. ఆ మరమ్మతు రాకముందు మీమాంసకుడు గెలిచిన ప్రతిసారీ తిట్టుకుంటూ కొత్త ఆట మొదలుపెట్టేవాడు. వచ్చాక తిట్టుకుంటూ పాత ఆటనే కొనసాగిస్తున్నాడు.

ఆటగాళ్ల ఒత్తిడికి తలొగ్గి, ఒకే నాగరికతతో మొదటినుంచి చివరిదాకా ఆడే పద్ధతిని పరీక్షిస్తామని 2025 చివర్లో ఫిరాక్సిస్ ప్రకటించింది. నెలల తరబడి కోరినది సరిగ్గా అదే కాబట్టి మీమాంసకుడు సంతోషిస్తాడని శిష్యులు ఎదురుచూశారు. ‘టాక్ చూసి భయపడి క్లైమాక్స్ మారుస్తున్నారు, దర్శకుడికి తన కథమీద నమ్మకం ఉండాలి’ అన్నాడాయన. ఆ నమ్మకమెలా ఉంటుందో చూపించడానికన్నట్టు, అదే వారం ఫిల్మ్‌నగర్‌లోని ఒక ఆఫీసులో నిర్మాతగారికి మూడు యుగాల కథ నేరేషన్ ఇచ్చాడు: హీరో ఒక్కడే, మొదట మౌర్య సేనాపతి, ఇంటర్వెల్ సంక్షోభం తరవాత చోళ నావికుడు, చివరకు మొఘలు దర్బారులో వజ్రాల వ్యాపారి. నిర్మాతగారు కళ్లు మూసుకుని ఆసాంతం విని, టీ తాగి, ఒక్క సందేహం అడిగారు.

‘యుగం మారినప్పుడల్లా హీరోయిన్ కూడా మారుద్దా?’

‘మారుద్ది సార్’ అన్నాడు మీమాంసకుడు.